పథ్యం చీటీ

నా అంతట నేను, ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి కాగితం మా అత్తను చంపబోయింది.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. తొంభైల మొదట్లో మా ఊళ్లో, రేపల్లె అవతల నగరం అనే ఊరి దారిలో, పొలం పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లకి సాయంకాలం చర్చి అరుగు మీద చదువు చెప్పేవారు. గుణింతాలు దాటి వత్తుల దాకా వచ్చాను. అత్తకి అదంతా వేళాకోళంగా ఉండేది. నన్ను కలెక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. "కలెక్టరమ్మా, పప్పు మాడుతోంది, సంతకం పెట్టి దించు" అనేది.

ఆ ఏడే అత్తకి బుగ్గ లోపల పుండు లేచింది. చుట్ట కాల్చే నోరు, పొక్కిందిలే అనుకున్నాం. నెలలు గడిచినా మానలేదు. రేపల్లెలో చూపిస్తే గుంటూరు పంపారు. అక్కడ చిన్న ముక్క కోసి పరీక్ష చేసి కేన్సరన్నారు. శని, ఆదివారాలు పోగా ఆరు వారాలు రోజూ కరెంటు పెట్టాలన్నారు. ఆ రేడియేషన్ వైద్యాన్ని మా వైపు అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు.

మా ఊరి నుంచి రోజూ గుంటూరు పోయి రావడం జబ్బు మనిషికి కుదిరే పని కాదు. తెనాలిలో ఒక చర్చి ఆవరణలో రెండు రేకుల గదులుండేవి. కరెంటుకు వెళ్లే లేనివాళ్లని ఆ గదుల్లో ఉండనిచ్చేవారు. పొద్దున్నే రైలెక్కి గుంటూరు వెళ్లి మధ్యాహ్నానికి తెనాలి వచ్చేయవచ్చు. మా ఆయన పిల్లలతో ఊళ్లో ఉండిపోయాడు. నేను అత్తతో వచ్చాను. రెండో గదిలో బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక పల్లెకారుల మనిషి, అతని భార్య ఉండేవారు. అతనికి గొంతులో జబ్బు. ఆవిడ చేపలమ్ముకునే మనిషి. మొదటి రోజే నన్ను వదినా అంది, నేనూ వదినా అన్నాను.

మా అందరికీ తిండి చర్చి ఆడవాళ్లు పెట్టేవారు. ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి విడిగా కుండలో వేయడం మా ఇళ్లల్లో అలవాటు. ఆ గుప్పెళ్లు ఆదివారం చర్చికి చేరతాయి. తెనాలి ఆడవాళ్లు ఆ బియ్యంతోనే రోగుల తిండి నడిపేవారు. ఊరికే ఎవరి కూడూ తిననని అత్త మొదటి పూట గోడవైపు తిరిగి పడుకుంది. ఆ బియ్యం సంగతి చెప్పాక లేచి కూర్చుంది.

"ముప్పై ఏళ్లు వేశాను గుప్పెళ్లు. నా బియ్యం నాకొస్తుంటే ఎవడికి మొహమాటం?" అని చెయ్యి కడుక్కుంది.

క్యారేజీలు పంపే బాధ్యత ఒక పెద్ద టీచరమ్మగారిది. బడి ఉద్యోగం మానుకున్నాక ఈ పని నెత్తినేసుకున్నారు. మొదటి రోజే మమ్మల్ని అడిగారు.

"చదువొచ్చా అమ్మా?"

"వచ్చండి" అన్నాను. ఎంత వచ్చో చెప్పలేదు. అత్త నా వంక ఓరగా చూసింది.

"నాకు రాదండి అమ్మగారూ, నోటితో చెప్పండి" అంది బాపట్ల వదిన.

టీచరమ్మగారు నా చేతికి ఒక చీటీ ఇచ్చి, వదినని పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టుకుని చెప్పారు. వదినని చూసి నాకు జాలేసింది.

ఆ సాయంత్రమంతా చీటీతో కుస్తీ పట్టాను. పైన ఒకటే మాట. 'థ' మా పలక మీద ఎప్పుడూ పడని అక్షరం, పైగా కింద వత్తు. చివరికి విడిపోయింది. పథ్యం. దాని కింద వరసగా: గుడ్డు, పాలు, పప్పు, నెయ్యి, చేప. ఒక్కటీ తప్పు చదవలేదు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది, ఎన్నిసార్లు చూసినా అదే ఉంది.

చిన్నప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోసిన ముసలాయన మా అమ్మతో పథ్యం చెప్పాడు: గుడ్డు, చేప, నెయ్యి. అవి వాసన కూడా తగలకూడదన్నాడు. మా వైపు పథ్యం అంటే అంతే. మందు వేసుకున్నంతకాలం నోటికి దూరంగా ఉంచాల్సినవి. కరెంటు వేడి, గుడ్డు వేడి, రెండూ కలిస్తే ఒళ్లు తట్టుకోదు కదా అని కూడా అనుకున్నాను. రోగికీ తోడొచ్చినవాళ్లకీ ఒకే క్యారేజీ వచ్చేది. అందులో రోగికి పెట్టకూడనివేవో తెలియడానికే చీటీ ఇచ్చారనుకున్నాను.

అత్తకి గంజి, మెత్తటి అన్నం, పలచటి మజ్జిగ పెట్టాను. గుడ్లు పారేయడానికి చెయ్యి రాలేదు. నేనే తిన్నాను. అత్త చాప మీద పడుకుని నేను తినడం చూసేది.

ఆసుపత్రిలో ప్రతి సోమవారం బరువు చూసేవారు. మొదటిసారి నలభై ఒకటి. రెండోసారి ముప్పై తొమ్మిది. మూడోసారి ముల్లు ముప్పై ఏడున్నర దగ్గర ఆగింది. డాక్టరుగారు కాగితం మీద నుంచి తలెత్తారు.

"ఏం పెడుతున్నారమ్మా?"

"పథ్యం తప్పకుండా చూస్తున్నానండి."

"మంచిది. అదే ఇంకా గట్టిగా చూడండి. వచ్చే సోమవారానికి ఇంకా తగ్గితే కరెంటు ఆపేయాలి, మనిషి తట్టుకోలేదు. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ లేస్తుంది. తెలిసిందా?"

తెలిసిందన్నాను. రైల్లో తెనాలి వచ్చేదాకా నేనెక్కడ పథ్యం చెడగొట్టానా అని వెతుక్కున్నాను. దొరికింది. మజ్జిగ. మజ్జిగ కూడా పాలే కదా. ఆ పూట నుంచి మజ్జిగ మానిపించాను. పెద్దడాక్టరు గట్టిగా చూడమన్నాక ఇంక అనుమానమేముంది?

మంగళ, బుధ వారాలు అత్త ఉప్పు గంజి మీదే ఉంది. బుధవారం రైలు దిగుతూ ప్లాట్‌ఫారం మీద చతికిలబడింది. ఎత్తి నిలబెడితే చంటిపిల్లలా తేలిగ్గా వచ్చింది. ఆ తేలిక నా చేతులకి తెలిసి నాకు భయం పుట్టింది.

గురువారం మధ్యాహ్నం బాపట్ల వదిన పాలగ్లాసులో పచ్చిగుడ్డు కొట్టి గిలకొట్టడం చూశాను. వాళ్లాయన గోడకి ఆనుకుని చెయ్యి చాపుతున్నాడు. పరుగెత్తి వెళ్లి గ్లాసు పట్టుకున్నాను.

"ఏంటి వదినా ఈ పని? మొగుణ్ణి చంపుకుంటావా?"

"వదులు. నీకేమన్నా పిచ్చా?"

"గుడ్డు పథ్యం కదా. చీటీలో రాశారు."

"నా మొహానికి చీటీ ఎవరిచ్చారు? అమ్మగారు నోటితో చెప్పారు. గుడ్డు పెట్టు, పాలు పెట్టు, చేప పెట్టు, ఏది మింగితే అది పెట్టు అన్నారు. పెడుతున్నా. మీ అత్తకి పెట్టట్లేదా నువ్వు?"

నేను గ్లాసు వదిలేశాను. వాళ్లాయన అది తాగాడు. అతని మెడ మీద నరాలు కదలడం చూస్తూ నిలబడ్డాను. రోజూ ఒకే రైల్లో వెళ్తున్నాం, ఒకే కరెంటు పెట్టించుకుంటున్నారు. అతను తన సంచి తనే మోసుకుంటున్నాడు. అది నా కంటికి అప్పుడు ఆనింది.

టీచరమ్మగారు క్యారేజీలు తీసుకుని వచ్చేసరికి నేను చీటీ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"అమ్మగారూ, ఇందులో రాసినవి పెట్టకూడనివే కదండీ?"

"పెట్టాల్సినవమ్మా. పైన పథ్యం అని రాశానుగా."

"పథ్యం అంటే పెట్టకూడనివి కదండీ."

ఆవిడ నా మొహంలోకి చూశారు. తర్వాత చాప మీదున్న అత్తని చూశారు. క్యారేజీ కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయారు.

"పుస్తకంలో మాట రాశాను. నీక్కూడా నోటితో చెప్పాల్సింది" అన్నారు.

చాప మీద నుంచి అత్త గొంతు వచ్చింది. నోరంతా పూసి ఉండడం వల్ల మాట ముద్దగా ఉంది, కానీ అందరికీ అర్థమైంది.

"అయితే ఇన్నాళ్లూ ఇది నా గుడ్లు తిందా?"

సోమవారానికి నాలుగు రోజులు. గంటకోసారి అర గ్లాసు పాలల్లో గుడ్డు గిలకొట్టి, చల్లార్చి పట్టాను. నెయ్యి వేసి పప్పన్నం గుజ్జులా పిసికి పెట్టాను. వదిన వాళ్ల మరిది బాపట్ల నుంచి పాలసొర చేప తెస్తే, వదిన దాన్ని కారం లేకుండా ఉడికించి ముల్లు లేకుండా చిదిమి ఇచ్చింది. అత్త సగం మింగేది, సగం ఉమ్మేసేది. మంటకి కళ్లమ్మట నీళ్లు కారేవి. నాతో మాత్రం మాట్లాడలేదు. శనివారం గ్లాసు విసిరికొట్టింది. ఆదివారం పొద్దున పళ్లు బిగబట్టుకుంది. మధ్యాహ్నమైనా నోరు తెరవలేదు. టీచరమ్మగారు బతిమాలారు, వదిన తిట్టింది. లాభం లేకపోయింది.

నేను గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"నీ గుడ్లు నేనే తిన్నాను అత్తా. ఇది కూడా నన్నే తినమంటావా?"

కళ్లు తెరిచింది. నన్ను, గ్లాసుని మార్చి మార్చి చూసింది. చెయ్యి చాపి నా దగ్గర్నుంచి లాక్కుంది. ఆ గ్లాసు తాగడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది, చుక్క మిగల్చలేదు.

సోమవారం రైల్లో వదిన నా చెవి దగ్గరకి వంగింది. "కుచ్చిళ్లలో చిన్న రాయి కట్టనా? ఎవరికి తెలుస్తుంది?"

అత్త వినేసింది. "కరెంటు రాయికి పెడతారా, నాకు పెడతారా?" అంది. నాలుగు రోజుల్లో నా ఎదుట ఆవిడ పలికిన మొదటి మాట అదే.

బరువు మిషను మీద అత్త రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి నిలబడింది. ముల్లు ఊగింది, వెనక్కి వచ్చింది, ఆగింది. అంకె నాకు కనపడింది. చదవగలిగాను. అయినా నర్సమ్మ వంగి చూసి పైకి చెప్పేదాకా ఆగాను.

"ముప్పై ఏడున్నర."

"తగ్గలేదు. లోపలికి పంపండి" అన్నారు డాక్టరుగారు.

కరెంటు గది తలుపు దగ్గర అత్త ఆగి, నా వైపు తిరిగింది.

"సాయంత్రానికి రెండు గుడ్లు ఉంచు" అంది. "నువ్వు ముట్టుకోకు."