పిచ్చిగీతలు చదివిన ఆవిడ

అమలాపురంలో డీటీపీ చేసే ఆవిడకు ఒక అలవాటు. టైపు చేసే ప్రతి వాక్యాన్నీ పైకి చదువుకునేవారు.

అమ్మ చెబుతుండగా నేను రాసుకున్న ఆమె చిన్ననాటి కబుర్లను అప్పట్లో పత్రికాఫీసులో టైపు చేయించాను. అమ్మ పోయింది. కాగితాలు చెదలు తిన్నాయి. ఒక్క ఫ్లాపీ మిగిలితే ఆవిడ దగ్గరికి పట్టుకెళ్లాను. మూలనున్న పాత కంప్యూటరు దాన్ని చదివింది. తీరా ఫైలును కొత్తదానిలోకి ఎక్కిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలయ్యాయి. అప్పటి ఫాంటు పాతదానిలో ఇప్పుడు లేదట, కొత్తదానిలో పనిచెయ్యదట.

"ఇక పోయినట్టేనా అండీ?"

"ఎక్కడికి పోద్దండీ? ఈ ఫాంటులో పదేళ్లు కొట్టేను. ఏ గీత ఏ అక్షరమో నా వేళ్లకి తెలుసు. మీరు కంగారుపడకుండా కూర్చోండి."

ఆ గీతలనే తెలుగులో చదువుతూ మళ్లీ మొదటి నుంచి టైపు చేశారు. ఓడలరేవులో పడవ అందలేదని బడి ఎగ్గొట్టిన రోజు అమ్మ మాటల్లోనే వినిపించింది. ఉన్నట్టుండి ఆవిడ ఆగారు.

"ఇక్కడ బ్రాకెట్లో 'దగ్గు' అని ఉందండీ. అమ్మగారు చెబుతూ దగ్గేరు కాబోలు. తీసెయ్యమంటారా?"

వద్దని తల అడ్డంగా ఊపాను.

"ఆయ్, ఉంచేస్తానండి" అని, మంచినీళ్ల సీసా నా వైపు జరిపారు.