ఒక్క కారు కోసం మానుకోట, భూపాలపల్లి

జనగామ స్టేషన్‌లో పొద్దున ఆరున్నరకు టికెట్ కౌంటర్ ముందు నలుగురే ఉన్నారు. మహబూబాబాద్‌కు, అంటే మా వాడుకలో మానుకోటకు, జనరల్ టికెట్ తీసుకున్నాను. ఒక కార్ల షోరూం ఉద్యోగి ఆదివారం పూట రైలెక్కి మానుకోటకు, అక్కడి నుంచి బస్సులు మారుతూ భూపాలపల్లికి ఎందుకు పోయాడో ముందే చెప్పాలి.

నేను హైదరాబాదులో ఖరీదైన విదేశీ కార్లు అమ్మే షోరూంలో పని చేస్తాను. పన్నెండేళ్లుగా జనగామ నుంచే రోజూ రైల్లో పోయి వస్తున్నాను. మేం అమ్మేవాటిలో ఎప్పుడో ఒకసారి ఒక రకం కారు వస్తుంది. ప్రపంచం మొత్తానికి కంపెనీ కొన్నే తయారు చేస్తుంది. చేతిలో డబ్బుంటే చాలదు. ఏ షోరూంకు ఎన్ని ఇవ్వాలో కంపెనీ చెప్తుంది, అవి ఎవరికివ్వాలో షోరూం తేలుస్తుంది. దీన్నే మేం అలొకేషన్ అంటాం. ఈసారి మాకు వచ్చింది ఒక్కటే. అడిగినవాళ్లలో ఇద్దరు మిగిలారని మా మేనేజర్ చెప్పాడు. ఒకరు మహబూబాబాద్‌లో గ్రానైట్ క్వారీల యజమాని. ఇంకొకరు భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు నడిపే ఆవిడ.

"మీ వైపువాళ్లే కదా, ఒకసారి ఇళ్లు చూసి రిపోర్టు పంపండి" అన్నాడు మేనేజర్. కారు ఎక్కడ పెడతారు, ఎవరు నడుపుతారు, ఇంటి నుంచి రోడ్డుకు దారి ఎలా ఉంది, ఏడాదిలోపు అమ్ముకుంటారా. ఇవీ ఫారంలో ఉన్న ప్రశ్నలు.

క్వారీ యజమాని పేరు చూడగానే నాకు నోరు చేదయింది. హరిలాల్. వరంగల్ పాలిటెక్నిక్ హాస్టల్లో మూడేళ్లు నా గదిలో ఉన్నవాడు. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చాడు. మెషిన్ డ్రాయింగ్ ప్రతి షీటూ నాది చూసే గీశాడు. నేను ఇంజన్ల గురించి చెప్తుంటే గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. కార్ల పిచ్చి నాది. కారు వాడిది కాబోతోంది. మాకు పాత స్నేహం ఉందని మేనేజర్‌కు చెప్పాల్సింది. చెప్పలేదు.

రైలు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆదివారం కాబట్టి కిటికీ దగ్గర సీటు దొరికింది. మీరు పోతే మామూలు రోజుల్లో ఆ ఆశ పెట్టుకోకండి. కాజీపేటలో చాయ్ తాగాను. వరంగల్‌లో ఎక్కిన ఒక మిర్చి రైతు నా ఎదురుగా కూర్చున్నాడు, నెక్కొండలో దిగాలట.

"ఏం నౌకరి సార్?"

"కార్లు అమ్ముతం."

"ఎంతుంటదొక్కటి?"

చెప్పాను. ఆయన కళ్లు పెద్దవేమీ కాలేదు. "గంత పెద్ద కార్ల ఎందరు కూసుంటరు?" అని అడిగాడు.

"ఇద్దరు."

"ఇద్దరేనా!" అని మాత్రం నా తరఫున చాలా బాధపడ్డాడు.

తొమ్మిదికి మహబూబాబాద్‌లో దిగాను. హరిలాల్ డ్రైవర్‌ను పంపుతాడనుకున్నాను. తనే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద రాతి పొడి, కాళ్లకు రబ్బరు చెప్పులు. "అరే శీనూ, ఎన్నేండ్లాయెరా!" అని ప్లాట్‌ఫాం మీదే కౌగిలించుకున్నాడు. నేను కూడా కౌగిలించుకున్నాను, చేతి సంచీ మధ్యలో అడ్డంగా పెట్టి.

వాడి ఇల్లు ఊరి చివర, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలికి ఉంది. ఇల్లు మామూలుదే. దాని పక్కన కట్టిన గ్యారేజీ మామూలుది కాదు. నేల మొత్తం వాడి క్వారీ నుంచే వచ్చిన నల్ల గ్రానైటు, నా ముఖం కనిపించేంత నునుపు. గాలిలో తేమ లాగే యంత్రం పెట్టించాడు. ఇంకా రాని కారు కోసం దీపాలు కూడా వెలుగుతున్నాయి. జనగామలో నేనూ, నా భార్య, ఇద్దరు పిల్లలం ఉండే రెండు గదులు అందులో పట్టేవి. అడుగులతో కొలిచి చూశాను. ఇంకా చోటు మిగిలింది.

"ఎందుకురా నీకు గీ కారు?" అని అడిగాను. అది ఫారంలో లేని ప్రశ్న.

హరిలాల్ కాసేపు ఆలోచించాడు. "మంచిగుంటదిరా" అన్నాడు.

అంతే. నన్నడిగితే ఇరవై కారణాలు చెప్పేవాణ్ణి. పైగా ఆ కారు పేరు కూడా వాడు తప్పుగా పలికాడు. రెండుసార్లు. నేను సరిదిద్దలేదు.

వాడి భార్య జొన్న రొట్టెలు, మటన్ కూర పెట్టింది. వాళ్లమ్మ పక్కన కూర్చుని కొడుకుతో లంబాడీలో ఏదో అంటే వాడు నవ్వి నాకు చెప్పాడు. "నీ షీట్లు చూసే నేను పాసైనా అని మా యమ్మకు ఎర్కే. ఇంకో రొట్టె ఎయ్యమంటున్నది." ఆ ముసలావిడ నా కంచం వైపే చూస్తోంది. ఒక్క రొట్టె కూడా సరిగ్గా తినలేకపోయాను.

మెయిన్ రోడ్డు దాకా దారి చూడాలని నడిచి వెళ్లాం. మధ్యలో చిన్న కాలువ మీద కల్వర్టు, ఎద్దు మూపురంలా పైకి లేచి ఉంది. సంచీలోంచి టేపు తీసి కొలిచాను. ఆ కారు అడుగుభాగానికీ నేలకూ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు. ఎంత మెల్లగా ఎక్కించినా కింద గీసుకుంటుంది. ఆ టేపు పట్టుకుని వంగి ఉన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇంకో మాటతో చెప్పలేను, సంతోషమే.

"ఏమైందిరా?"

"కింద తగుల్తది."

"గంతేనా? మన జేసీబీలు ఖాళీగనే ఉన్నయి. ఎల్లుండి వరకు సాఫ్ చేయిస్త. రాసుకో."

రాసుకుంటున్నట్టు తల ఊపాను. కల్వర్టుకు రెండు ఫొటోలు తీశాను.

పదకొండూ నలభైకి మహబూబాబాద్ బస్టాండులో హన్మకొండ బస్సు దొరికింది. గూడూరు, నర్సంపేట మీదుగా పోతుంది. నిలబడ్డానికి కూడా జాగా లేదు. నా పక్కన నిలబడ్డ అవ్వ కండక్టర్ ఇచ్చిన ఉచిత టికెట్టును కొంగుకు ముడేసుకుంటూ, "టికెట్టు పుక్కట్ల దొరికింది గని బిడ్డా, సీటు దొరకలే" అంది. నర్సంపేటలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. అవ్వ కునుకు తీసింది. నేను ఫోన్‌లో రిపోర్టు రాశాను. గ్యారేజీ బాగుంది అని ఒక్క ముక్క. కల్వర్టు గురించి ఐదు వాక్యాలు. జేసీబీ మాట రాయలేదు. నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదని రెండుసార్లు చదివి తృప్తి పడ్డాను.

హన్మకొండ బస్టాండులో పావు తక్కువ రెండింటికి ఫొటోలతో సహా పంపించాను. వెంటనే మేనేజర్ నుంచి జవాబు. "మంచి పాయింట్ పట్టారు. అయితే భూపాలపల్లి ఖాయమా?" బస్టాండు ఎదురుగా ఒక మెస్సులో భోజనం చేశాను. అన్నం మారు అడిగి, గడ్డ పెరుగుతో ముగించాను. మానుకోటలో రొట్టె మింగుడుపడని వాణ్ణి ఇక్కడ విస్తరి ఖాళీ చేశాను.

రెండుంబావుకు పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. పరకాలలో మొగుళ్లపల్లి పోయేవాళ్లు దిగి బస్సు సగం ఖాళీ అయింది. రేగొండ దాటాక పత్తి చేన్ల మధ్య నుంచి టిప్పర్లు ఎదురు రావడం మొదలైంది. కిటికీ మూసుకోండి, లేకపోతే చొక్కా నల్లబడుతుంది. నాలుగూ పదికి దిగి ఆటో మాట్లాడుకున్నాను. షహనాజ్ బేగం ఇల్లు అనగానే ఆటో అతను ఇంకో మాట అడగలేదు.

ఆవిడకు యాభై ఉంటాయి. భర్త పోయాక టిప్పర్లు తనే చూసుకుంటోంది. నేను వెళ్లేసరికి తలమీద చున్నీ సర్దుకుంటూ, ఒక టైరును కాలితో తన్ని చూస్తూ మెకానిక్‌తో దక్కనీ ఉర్దూలో వాదిస్తోంది. అతణ్ణి పంపించి నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించింది.

"అడుగు తమ్మీ, ఏమేం అడగాల్నో."

కారు షెడ్డులో పెడుతుందట. దారి మెయిన్ రోడ్డే. "ఎవరు నడుపుతరక్కా?" అంటే, "నేనే. టిప్పరే నడిపిన, గిదెంత?" అంది.

"ఏడాది లోపల అమ్ముతరా?"

"మంచి ధర వస్తే అమ్ముత. అబద్ధం ఎందుకు?"

నా పెన్ను ఆగింది. లాభానికి వెంటనే అమ్ముకునేవాళ్లకు ఈ కారు ఇవ్వరు, ఆ జవాబు రాస్తే ఆవిడ పేరు పోతుంది. ఆవిడ పేరు పోతే మిగిలేది హరిలాల్.

"అక్కా, గట్ల చెప్పకుండ్రి. అమ్మను అన్నరని రాస్త."

ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వెందుకు రాస్తవ్? నీకేం ఫాయిదా?"

"ఏం లేదు. ఊకెనే."

"ఇంకొకాయన ఉన్నడని మీ షోరూమోళ్లే చెప్పిన్రు గదా, మానుకోటల. నీకేమైతడు?"

అబద్ధం చెప్పే టైము దొరకలేదు. "దోస్తు" అన్నాను.

షహనాజ్ బేగం గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "తమ్మీ, నువ్వు నాకు ఇప్పిచ్చేతందుకు రాలే. ఆయనకు దొరకకుంట చేసేతందుకు వచ్చినవ్" అంది.

నేను తలదించుకుని చాయ్ తాగాను.

"నాకు గీ కారు ఎందుకో చెప్పాల్నా? మా మరిది కొత్త కారు కొన్నడు. దినాం తెచ్చి మా గేటు ముందట్నే నిలవెడ్తడు, నేను చూడాలెనని. జలన్, కుళ్లు. కండ్లు మండుతున్నయి. గందుకే అడిగిన. నాది నేను ఒప్పుకుంట. నీ జలన్ నువ్వు నా పేరు మీద రాయకు. అమ్ముత అన్నది అని రాయి."

ఆవిడ చెప్పినట్టే రాశాను. ఇంకో చాయ్ తాగి పొమ్మంది గానీ, నేనక్కడ ఉండలేకపోయాను. గేటు దాకా వచ్చి ఆటో తనే ఆపింది.

ఐదూ ఇరవైకి హన్మకొండ బస్సు ఎక్కాను. ఆ తోవంతా కొత్త రిపోర్టు రాయడమే పని. హరిలాల్ నా స్నేహితుడని, ముందే చెప్పనందుకు తప్పు నాదేనని మొదట రాశాను. కల్వర్టును రెండు రోజుల్లో చదును చేయిస్తానన్నాడని రాశాను. "చేయించగలడు" అనే మాట రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేశాను. మంచి మనసుతో చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆవిడ కళ్లద్దాలు తీసి చూసిన చూపు తప్పించుకోవడానికి చేశాను. పరకాల బస్టాండులో డ్రైవర్ చాయ్‌కి దిగాడు. అతను తిరిగి వచ్చి బస్సు ఊరు దాటాక ఆ మాట మూడోసారి రాసి, పంపించేశాను.

హన్మకొండలో దిగుతుండగా మేనేజర్ ఫోన్. "రెండూ చూశాను శ్రీనివాస్ గారూ. ఆ కారు ఇంకొకరికి వెళ్లిపోయింది. హైదరాబాదులో మన పాత కస్టమరే. మూడింటికి పై నుంచి చెప్పారు. మీకు చెప్పడం మరిచాను." ఆ వెంటనే, "స్నేహితుడని మీరు ముందే చెప్పి ఉండాల్సింది. రేపు కూర్చుని మాట్లాడదాం" అన్నాడు.

అది విన్నాక ముందు నాకు కలిగింది ఊరట. హరిలాల్‌కు కారు రాదు. రేపటి సంజాయిషీ సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. సిగ్గు అన్నిటికంటే చివర వచ్చింది.

ఏడున్నరకు జనగామ మీదుగా పోయే హైదరాబాద్ బస్సు ఎక్కాను. ఒక్క రోజులో ఈ చుట్టు తిరగాలనుకునేవారికి చెప్పేదేమంటే, తిరగొచ్చు. మానుకోటలో పదకొండు దాటకుండా బయలుదేరితే సాఫీగా జరుగుతుంది. నేను నలభై నిమిషాలు కల్వర్టు దగ్గర పోగొట్టుకున్నాను. రాళ్ల ఊరు, బొగ్గు ఊరు రెండూ చూశాను. రెండు చోట్లా నాకు కొసరి పెట్టబోయారు. రెండు చోట్లా నేను తలదించుకునే తిన్నాను, తాగాను.

ఘన్‌పూర్ దాటాక హరిలాల్‌కు ఫోన్ చేశాను. కారు రాదని చెప్పాను. వాడి వెనకాల టీవీ చప్పుడు, ఎవరో దాన్ని తగ్గించారు.

"పోనీ తియ్యిరా" అన్నాడు. "మళ్లెప్పుడన్న చూద్దం." ఆ తర్వాత మామూలు గొంతుతో, "నువ్వైతే మంచిగనే రాసినవ్ గదా?" అని అడిగాడు. వాడికి అనుమానమేమీ లేదు. ఊరికే అడిగాడు.

"రాసిన" అన్నాను.

ఆ మాట పరకాల దాకా అబద్ధం. పరకాల దాటాక నిజం.