తూచకుండా రాసిన మూడు బరువులు

ఎనిమిదేళ్లుగా ఈ మాట నాకు మింగుడుపడటం లేదు, కక్కలేకపోతున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక క్యాన్సర్ పరిశోధనకి ఫీల్డ్ వర్కర్‌గా చేసేదాన్ని. నెలకోసారి రోగుల ఇళ్లకి వెళ్లి బరువు తూచి పంపాలి. నెలనెలా బరువెలా మారుతోంది, మనిషి ఎన్నాళ్లు బతికాడు, ఈ రెంటినీ కలిపి మెయిన్‌ల్యాండ్‌లో ఒక సార్ లెక్క కట్టేవారు. బరువు బాగా తగ్గితే డాక్టరుగారు వెంటనే పిలిపించేవారు.

హార్బరుకి అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఒక రోగి, చేపలవేట మానేసిన పెద్దాయన. ఆ వానాకాలం మూడు నెలలు నేను ఫెర్రీ ఎక్కలేదు. సముద్రం బాగోలేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఫెర్రీ చాలా రోజులు నడుస్తూనే ఉంది. బద్ధకం, అంతే. ఆయన భార్యకి ఫోన్ చేస్తే బాగానే ఉన్నాడనేది. పాత అంకెనే కాస్త అటూఇటూ మార్చి రాసేసేదాన్ని.

ఆవిడా మా తెలుగావిడే. మావాళ్లలో మంచంపట్టిన మనిషి గురించి ఎవరడిగినా బాగానే ఉన్నాడనే అంటారు. చెడ్డమాట అంటే జరిగిపోతుందని భయం. మా నాన్నకి బాగోలేనప్పుడు మా అమ్మా అలాగే అంది. ఇదంతా నాకు తెలియదా? తెలిసే ఆ మాటని నమ్మినట్టు నటించానా? నటించాను.

నాలుగో నెల బరువు మిషను పట్టుకెళ్లేసరికి ఆయన పోయి పదిరోజులైంది. ఆవిడ తిట్టలేదు. చాపేసి కూర్చోబెట్టి అంది:

“దీదీ, నువ్వొచ్చి తూస్తే డాక్టరు పిలుస్తాడని రోజూ జెట్టీకేసి సూసీవోడు. సిక్కి సగమైపోనాడని ఫోన్లో నా నోటితో నానెలాగ అంతాను?”

తర్వాత ఆ సార్ ఫోన్ చేశారు. బరువు నిలకడగా ఉన్న మనిషి హఠాత్తుగా ఎలా పోయాడు, కొలతలు సరైనవేనా అని అడిగారు. సరైనవేనన్నాను. బరువు తగ్గకపోయినా మనుషులు పోతారని ఆయన లెక్కలోకి నా అబద్ధం చేరిపోయింది. దాన్ని నమ్మి, చిక్కిపోతున్న ఇంకెవరి విషయంలో ఎవరు తాత్సారం చేశారో? ఆ పెద్దాయన్ని ముందే పిలిపించి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవాడా? ఏమో. ఎవరినడగను?

సముద్రం బాగోలేకే నేను రాలేదని ఆ పెద్దాయన భార్య ఇప్పటికీ అనుకుంటోంది. గరాచర్మ బస్సులో కనిపిస్తే పక్కన చోటిస్తుంది. కూర్చుంటాను కూడా.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆ మూడు నెలలూ నేను వెళ్లలేదు. ఆ బరువులు నేనే కల్పించాను. ఇది రాశాక మనసు కాస్త కుదుటపడిందని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అయినా పడింది.