చెప్పుల అరుగు

ఇస్సాక్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. సౌదీలోని అభాలో మేమిద్దరం భవనాల నమూనాలు చేసే ఒకే మోడల్ షాపులో పనిచేసేవాళ్ళం, ఒకే గదిలో ఉండేవాళ్ళం. మెస్సులో వరస తప్పి అన్నం పెట్టుకున్నాడని ఒకడి మూతి పగలగొట్టాక, మా వీసాలిచ్చిన యజమాని, కఫీల్, తేల్చి చెప్పాడు, ఇంకొక్కసారి చెయ్యెత్తితే జైలు, ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయడమే అని. ఇస్సాక్ రాజోలు దగ్గర చర్చి బల్లలు చేసే వడ్రంగి కొడుకు. చెక్క ముట్టుకుంటే మాత్రం వేరే మనిషి.

ఆ వేసవిలో, లెబనాన్‌లో ఒక కొండ మీద కట్టబోయే ఆర్థడాక్స్ క్రైస్తవ ప్రార్థనాలయానికి బల్ల నిండా పట్టే నమూనా చేసే పని మాకు వచ్చింది. గుమ్మటం లేదు. పూత లేని కాంక్రీటు గోడలు జోడించిన చేతుల్లా పైన కలుస్తాయి. తూర్పు గోడలో నిలువునా ఒక సన్నని చీలిక. పొద్దుటి వెలుగు అందులోంచి దిగి, పటాలుంచే చెక్క తెర సందుల్లోంచి లోపల పరుచుకుంటుంది. చర్చి మొహం చూసి ఏళ్ళయిన ఇస్సాక్ ఆ నమూనాను వదల్లేదు. ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట చిన్న అరుగు చెక్కి అతికించాడు, చెప్పులు విడవడానికి.

సూపర్‌వైజర్ స్వామిది ప్రొద్దుటూరు. అది చూడగానే మండిపడ్డాడు.

"యాందిరా ఇది? ప్లాన్లో యాడుంది?"

"చెప్పులిప్పాలి గదండి. మా ఊళ్ళో చెప్పుల్తో గుళ్ళోకెళ్తే ఊరుకోరు."

"వాళ్ళు బూట్లేసుకోనే పోతారు. పీకేయ్."

"పాడవకుండా నేనే తీసేత్తానండి, కాస్త ఆగండి."

స్వామి ఆగలేదు. స్టీలు స్కేలుతో మెడ మీద కొట్టాడు. ఇస్సాక్ పళ్ళు కొరికి ఊరుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు స్వామి కాలు బల్ల మీదికెత్తి, మడమతో అరుగును నలిపి, బూటు మొనను గుమ్మంలోంచి లోపలికి తోశాడు. చెక్క తెర విరిగింది.

"ఇట్ల పోతారు."

సుత్తి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. స్వామి కాలి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బకు స్వామి కింద పడ్డాడు, నెత్తురు నమూనా గోడల మీద చిమ్మింది. మూడోది పడకుండా మీదపడి ఆపినందుకు నా పన్ను ఒకటి ఊడింది.

సాయంత్రం ఆ ప్రార్థనాలయం కట్టించే లెబనాన్ ఇంజినీరు వచ్చి ముక్కలు చూశాడు. తమ చర్చిలో ఎవరూ చెప్పులు విడవరని చెప్పాడు. ఇస్సాక్ మొహం పాలిపోయింది.

"అయితే స్వామిగారు నిజమే చెప్పారన్నమాట" అన్నాడు.

స్వామి కాళ్ళు పట్టుకుంటానని ఆసుపత్రికి బయలుదేరాడు, నేనూ వెంట వెళ్ళాను. నిచ్చెన మీంచి పడ్డానని స్వామి ఒక్క మాట అంటే చాలు, ఇస్సాక్ బయటపడతాడు. చేతులు కాలాక ఆకులే, అయినా నాకూ ఆశ ఉంది.

గది గుమ్మం దగ్గర ఇస్సాక్ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. కట్టు కట్టిన కాలు ముట్టుకోవడానికి భయపడి మంచం కోడు పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందండి."

స్వామి ఆ వట్టికాళ్ళ వైపు చూశాడు.

"చెప్పులేసుకో పో" అన్నాడు. "పోలీసులు కింద ఉండారు. నేనే పిలిపించినా."