పాత డిస్క్ మీద చెయ్యి

ఎనభైల చివర్లో, మా వరంగల్ కాలేజీ ఆఫీసు కంప్యూటర్‌కు కొత్త డిస్క్ బిగించడానికి కాజీపేట నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నేను ఏడాదంతా ఎక్కించిన మార్కులన్నీ, మొరాయిస్తున్న ఆ పాత డిస్క్‌లోనే ఉన్నాయి. మెకానిక్ చెప్పులు గది బయట విడిచి వచ్చి, దాన్ని అరచేత్తో ఒక్కటి చరిచాడు. అది తిరగసాగింది.

"ఇగ ఆగితే మల్లా లేవది మేడం. కరెంటు పోతే అంతే" అన్నాడు.

మార్కులు కొత్తదాంట్లోకి ఎక్కుతున్నంతసేపూ గదంతా తిరిగాడు. నాలుగడుగులకోసారి వచ్చి పాత డిస్క్ మీద చెయ్యి పెట్టి, "నడుస్తాంది" అని గొణుక్కునేవాడు. కరెంటు పోతుందేమోనని నేను తిరిగే ఫ్యాను మీంచి చూపు తిప్పలేదు.

అన్నీ ఎక్కాయి. ఆయన స్విచ్ ఆపి, మళ్లీ పాతదాని మీద చెయ్యి పెట్టాడు.

"చాయ్ చల్లారుతాంది" అన్నాను.

"జర ఆగు మేడం. ఇది ఇంకా తిరుగుతాంది."

పొద్దున్నుంచీ ఆయన కదలకుండా నిలబడింది అప్పుడే.