మంచు ఆరేదాకా చదువు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో, కల్వకుర్తి దగ్గరి మా ఊళ్లో పొద్దు ఇప్పటికన్నా నెమ్మదిగా పొడిచేదని నాకో నమ్మకం. (పొద్దు అదే, లేచే మనిషే మారిందని మా ఆయన అంటాడు.) అప్పుడు నేను పదో తరగతి. మా లెక్కల సారుకు మంచి అలవాట్ల పిచ్చి. ఈ వయసులో పట్టిన అలవాటే రేపు మిమ్మల్ని మోస్తుందని రోజూ చెప్పేవాడు. తెల్లవారకముందే లేవాలి, గొంతెత్తి చదవాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. నాకేమో నిద్ర లేవడమంటే ప్రాణం పోయినట్టుండేది. కానీ మాది గొర్లు కాసే ఇల్లు, బాపు ముందే తేల్చేశాడు. పది పాసైతే కల్వకుర్తి హాస్టల్లో ఉండి ఇంటర్, తప్పితే మంద వెంట వలస.

ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందుకని గొర్ల దొడ్డిలో, బల్బు కింద, తడిక పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చునేదాన్ని. చుట్టూ పొగమంచు, నెమరువేసే మెత్తటి చప్పుడు, ఉన్ని వెచ్చదనం. అక్కడ జీవశాస్త్రం కూడా జోలపాటలాగే ఉండేది. మంచు గడ్డి మేస్తే జీవాలకు రోగమొస్తుందని బాపు ఎండ పడేదాకా తడిక తీసేవాడు కాదు. నా చదువు ముగిసే వేళా అదే. కొన్నాళ్లకు గొర్లకు సంగతి అర్థమైంది, ఈ పిల్ల గొంతు ఆగిందంటే తడిక తీస్తారని. ఇక నా తిప్పలు చూడాలి. “మొక్కలు సూర్యకాంతిని తీసుకొని” అనే చోటికి రాగానే నాకు కన్ను మూతపడేది. గొంతు ఆగగానే మందంతా లేచి తడిక మీద పడేది. బాపు గొంగడి పక్కకు తోసి ఉరికొచ్చేవాడు.

“మంచు ఆరలే బిడ్డా, ఆపకు. జర సదువు.”

నేను ఉలిక్కిపడి మళ్లీ మొదటికొచ్చేదాన్ని. సారు బెత్తం నేర్పలేని క్రమశిక్షణ నాకు గొర్లు నేర్పాయి.

పరీక్షలు దగ్గరపడకముందే ఊళ్లో మేత అయిపోయింది. అమ్మ, బాపు నన్ను అవ్వ దగ్గర వదిలి, మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయారు. మర్నాడు ఎండ మొహాన కొట్టాక లేచాను. ఆ మర్నాడూ అంతే. ఖాళీ దొడ్డిలో కూర్చుని ఏడ్చాను, నిజంగానే భయమేసింది. అవ్వ వచ్చి పక్కన కూలబడింది.

“జీవాలు లేకపోతేంది, నేను లేనా? నువ్వు సదువు.”

నా గొంతు తగ్గితే చాలు, కట్టెతో తడికను దడదడలాడించేది. (ఒకట్రెండుసార్లు అరిచింది కూడా, గొర్రె కన్నా బాగా.) ఆ సూర్యకాంతి దగ్గర నన్ను దాటించింది అవ్వే. పది గట్టెక్కాను.

వానలు పడ్డాక మంద తిరిగొచ్చింది. పాసైన సంగతి ఫోన్లో ముందే విన్నా, బాపు నా తల నిమురుతూనే ఉన్నాడు. అమ్మే నవ్వు ఆపుకోలేక చెప్పింది. అక్కడ పొద్దున్నే చదువు వినబడక గొర్లు నిలవలేదట. అక్షరం రాని బాపు లేచి వాటికి పాఠం చెప్పాడట. నాకూ చెప్పమని పట్టుబట్టాను. బాపు సిగ్గుపడుతూ గొంగడి సర్దుకుని, అచ్చం నా రాగంతోనే అందుకున్నాడు. ఆకులు, వేర్లు, నీళ్లు అన్నీ వరసగా వచ్చాయి. “మొక్కలు సూర్యకాంతిని తీసుకొని” అని ఆగిపోయాడు. తర్వాతేంది బాపూ అన్నాను.

“గాడి దాంకనే వచ్చు బిడ్డా. గాడికి రాంగనే నువ్వు పండుకుంటుంటివి.”

ఇప్పుడు ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కళ్లూ తడుస్తాయి. హాస్టలుకు పోయే రోజు పొద్దున్నే దొడ్డిలో కూర్చుని మిగతా పాఠం బాపుకు చదివి వినిపించాను. ఎండ బాగానే పడింది, గడ్డి మీద మంచూ ఆరింది. బాపు తడిక తీయలేదు. నేనూ చదవడం ఆపలేదు.