బరువు గడి, తేమ గడి

తుంగతుర్తిలో గొర్రెలు కాసే ఇంట పుట్టిన ప్రవళిక, కోదాడలో కిరాయి గదిలో కూర్చుని మిర్యాలగూడ రైస్ మిల్లుకు సాఫ్ట్‌వేర్ రాస్తోంది. ధాన్యం బరువూ, తేమ శాతమూ రెండూ దశాంశ సంఖ్యలే. అయినా చదివేవాళ్లకు తేలికగా ఉంటుందని కోడ్‌లో ఆ 'సంఖ్య' అనే డేటా రకానికే 'బరువు', 'తేమ' అని రెండు మారుపేర్లు పెట్టింది. కంపైల్ అయ్యేటప్పుడే, అంటే కోడ్ యంత్రభాషలోకి మారేటప్పుడే, ప్రోగ్రామ్ తన కోడ్‌ను తానే చూసుకుని, ఆ పేర్లతో తెర మీద గడులు తయారుచేయాలి.

మిల్లులో దాన్ని వాడిన మొదటిరోజే, అక్కడ కాంటా దగ్గర పనిచేసే చంద్రమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, రెండు గడులకూ 'సంఖ్య' అనే పేరే వచ్చింది. ఏది బరువో, ఏది తేమనో నాకెట్ల తెలుస్తది?"

ప్రవళికకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. "జర ఆగు అత్తా, చూస్త."

కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ లెక్కలో మారుపేరు కొత్త రకం కాదు, దాని వెనకున్న పాత 'సంఖ్య' రకమే. తన కోడ్ తిన్నగా ఆ పాత రకం దగ్గరికే వెళ్లిపోతోంది. ఆమె కోరి పెట్టుకున్న పేరు దారిలోనే జారిపోతోంది. ప్రవళిక వరస మార్చింది. ముందు 'ఇది మారుపేరేనా?' అని అడిగించి, ఆ పేరును గడి మీద రాయించింది. అసలు రకాన్ని లెక్కలు కట్టేటప్పుడు మాత్రమే తీయించింది.

సాయంత్రానికి మళ్లీ ఫోన్ మోగింది.

"ఇప్పుడు మంచిగున్నది. హమాలీలను గూడ పిలిచి చూపించిన, మా ప్రవళికే చేసిందని చెప్పిన. ఆదివారం రా, సర్వపిండి చేసి పెడత."

ఆదివారం పొద్దున్నే ప్రవళిక మిర్యాలగూడ బస్సెక్కింది.